లేవని గిరాకీలు

నేను పుట్టింది తువ్వాళ్ల దుకాణం వెనక గదిలో. మాటలు రాకముందే నాకు బేరం వచ్చిందని, పాలసీసా చూపిస్తే మొహం తిప్పుకుని ఇంకో సీసా చూపించమనేవాణ్నని మా అమ్మ చెప్పేది. మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా మూడో వంతు కొట్టేసి వినాలి. నా మాటకూ అదే లెక్క. కాకపోతే ఈ పులి సంగతిలో కొట్టేయాల్సినంత నేనే ముందుగా కొట్టేశాను, మీకు శ్రమ లేదు.

మా నాయిన దుకాణంలో ఒక్కటే కట్టుబాటు. మూసే వేళయితే షట్టర్ సగం దించొచ్చు, ఒక లైటు ఆర్పొచ్చు, పరిచిన తువ్వాళ్లు మడత పెట్టుకోవచ్చు. లోపల కూర్చున్న గిరాకీని మాత్రం లెమ్మనకూడదు. ఒకసారి ఒకాయన రెండు గంటలసేపు తువ్వాళ్లు విప్పించి, ప్రతిదానితోనూ మొహం తుడుచుకుని చూసి, ఒక్కటీ కొనకుండా, మా ఇంట్లోనే అన్నం తిని వెళ్లాడు. మా నాయిన ఆయన్ను గల్లీ చివరిదాకా సాగనంపి వచ్చాడు.

"కొనలే గని, కూసున్నదైతే మన దుకాణంలనే గద. పక్క దుకాణంల గాదు," అన్నాడు.

ఈ బుద్ధిని నేను కంప్యూటర్లలోకి తీసుకుపోయాను. తప్పంతా అక్కడ జరిగింది.

తొంభైల చివర్లో సోలాపూర్ భవాని పేట్‌లో మా మామ పవర్‌లూమ్ షెడ్డు మీద రెండు గదుల్లో నేను కంప్యూటర్ క్లాసు నడిపేవాణ్ని. మామ అంటే మా అమ్మ తమ్ముడు. కింద ఆయన మగ్గాలు ఎనిమిది. అవి నడుస్తుంటే పైన కీబోర్డులు బల్లల మీద వాటంతటవే జరిగేవి. నా దగ్గర టైపింగు నేర్చినవాళ్లంతా మగ్గం తాళానికే కొట్టేవాళ్లు. మగ్గం ఆగితే వేళ్లూ ఆగేవి.

ఆ ఏడు దీపావళి తర్వాత మగ్గాలు నిజంగానే ఆగాయి. చద్దర్లు అడిగేవాడు లేడు. పడుగు మగ్గాల మీదే ఉండిపోయింది. నేసేవాళ్లు పొద్దున వచ్చి, చాయ్ తాగి, మధ్యాహ్నానికి ఇళ్లకు పోతున్నారు. మామ కొన్నాళ్లు ఓపిక పట్టి, చివరికి మగ్గాలను తూకానికి అమ్మేద్దామని భంగార్ సేట్‌కు కబురు పంపాడు. పాత ఇనుము కొనే మనిషి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి కాటా తీసుకుని వస్తానన్నాడు.

దానికి కొన్ని వారాల ముందే నేను మామకు ఇంటర్నెట్‌లో దుకాణం పెట్టించాను. కూలీగా ఎనిమిది చద్దర్లు అడిగితే ఆయన రెండు అన్నాడు. పూటంతా వాదించి నాలుగు దగ్గర ఒప్పించాను. గెలిచాననుకుని ఇంటికెళ్లి విప్పి చూస్తే నాలుగింటికీ అంచులు చెడి ఉన్నాయి.

ఆ దుకాణంలో సరుకు ఒక్కటే, పులి చద్దరు. ఉట్టి ఫోటో పెడితే ఎవరు చూస్తారని, పేజీ తెరిచినవాళ్ల కళ్ల ముందే చద్దరు నేస్తున్నట్టు కనబడే ప్రోగ్రాం రాశాను. కింది అంచు నుంచి ఒక్కో వరసా పైకి పేరుకుంటుంది. ముందు పులి పాదాలు, తర్వాత పొట్ట, తర్వాత మీసాలు, ఆఖరున కళ్లు. పులి పూర్తవగానే మళ్లీ పాదాల నుంచి మొదలు. వేగంగా నడుస్తుందని ఆ ప్రోగ్రాంను సర్వర్ కడుపులోనే కలిపేశాను. సర్వర్ అంటే ఎవరు పేజీ అడిగినా తీసి అందించే యంత్రాంగం. అది నా క్లాసులోనే మూలనున్న కంప్యూటర్‌లో, లీజుకు తీసుకున్న ఫోన్ లైను మీద నడిచేది.

శుక్రవారం పొద్దున బొంబాయి నుంచి ఏజెంటు ఫోన్ చేశాడు. విదేశీ పార్టీలకు మన సరుకు చూపించే మనిషి. మామ రిసీవర్‌ను మా ఇద్దరి చెవుల మధ్య పట్టుకున్నాడు.

"సేట్, చద్దర్ అచ్ఛా హై. లేకిన్ ఆప్‌కా షేర్ రో రహా హై."

పులి ఏడుస్తోందట. ఇద్దరం తెర వైపు తిరిగాం. పులి పాదాలతో మొదలై మెల్లగా పైకి వచ్చింది. కళ్లు పడ్డాయి. కళ్ల కింద నేను ముచ్చటపడి పెట్టిన నల్లచారలు బుగ్గల మీదికి జారుతున్నాయి. నెల రోజులుగా రోజూ చూస్తున్న పులి, ఎవరో చెప్పేదాకా దాని బాధ మాకు తెలియలేదు.

నాలుగింటికి తన ఆఫీసుకు విదేశీ పార్టీ వస్తోందని, అప్పటికి పులి ఏడుపు మానితే మా చద్దరే చూపిస్తానని, లేదంటే ఇంకో సేట్ దగ్గర నెమలి ఉందని చెప్పి ఏజెంటు ఫోన్ పెట్టేశాడు.

"అల్లుడా," అన్నాడు మామ, "నాలుగింటికి పులి ఏడుపు ఆగకపోతే ఐదింటికి నా మగ్గాలు కాటా ఎక్కుతయ్. సమజ్ అయిందా?"

సమజ్ అయింది. పన్నెండున్నరకల్లా చారలు చెరిపి, కనుబొమలు పైకెత్తి కొత్త పులిని తయారు చేశాను. అది ఏడవడం లేదు. పెళ్లిలో తన పేరు పిలవడం మరిచిపోతే అలిగిన పెద్దమనిషిలా చూస్తోంది. మామ చూసి, "నడుస్తది, బతికిచ్చినవ్," అన్నాడు.

ఇక పాత సర్వర్‌ను ఆపి కొత్త పులితో మళ్లీ మొదలుపెట్టడమే మిగిలింది. చిటికెలో పని.

సర్వర్‌ను ఆపడానికి రెండు పద్ధతులు. ఒకటి మొరటుది, మెడపట్టి గెంటడం. రెండోది మర్యాదైనది. కొత్త గిరాకీలకు తలుపు మూసేసి, లోపలున్నవాళ్ల పని పూర్తయ్యేదాకా ఆగడం. ఒక్కో గిరాకీకి ఒక్కో పనివాడు ఉంటాడు, గిరాకీ వెళ్లగానే ఆ పనివాడూ వెళ్లిపోతాడు. ఆఖరి పనివాడు గడప దాటాకే కొత్త సర్వర్‌కు ఆ గడప దొరుకుతుంది. ఎన్ని సెకన్లు ఆగి చూడాలో చెప్పేందుకు ఒక అంకె వేయాలి. పుస్తకంలో చిన్న అంకె వేయమని ఉంది. పుస్తకం రాసినాయన దుకాణదారు కొడుకు కాడనుకుని నేను సున్నా వేశాను. సున్నా అంటే ఎంతసేపైనా సరే అని.

ఒంటిగంటకు మర్యాదగా ఆపమన్నాను. తలుపు మూసుకుంది. లోపల ముగ్గురు పనివాళ్లు మిగిలారు. ఐదు నిమిషాలు చూశాను. ముగ్గురు. బయటికెళ్లి చాయ్ తాగి వచ్చాను. ముగ్గురు. ఒంటిగంటన్నరకు మామ మెట్లెక్కి వచ్చాడు.

"ఏమైందిరా? పులి మారిందా?"

"లోపల గిరాకీలున్నరు మామా. వాళ్లు పోతలేరు."

మామ మొహం వెలిగిపోయింది. "గిరాకీలా? ఎంతమంది?"

"ముగ్గురు."

"ముగ్గురు!" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "దీపావళి సంది ఒక్కడు దుకాణం మెట్టెక్కలే. ఇయ్యాల ముగ్గురు ఒక్కపారే కూసున్నరు. వాళ్లను ఏమనకు."

"ఏమంటలేను. గని వాళ్లు పోయేదాక కొత్త పులి రాదు. తలుపు గూడ మూసే ఉన్నది. ఏజెంటు నాలుగింటికి వస్తే బయటనే నిలవడ్తడు."

"మెల్లగ పోతరు లే. చూస్తున్నరు గద, చూడనీ." గొంతు తగ్గించి అడిగాడు. "వాళ్లకు చాయ్ గియ్ ఏమన్న పంపొచ్చునా?"

పంపలేమని చెప్పాను. నిజంగానే బాధపడ్డాడు.

ముగ్గురు పనివాళ్లు ఏం చేస్తున్నారో ఒక్కొక్కణ్నే తరచి చూశాను. ముగ్గురూ పులినే నేస్తున్నారు. ఒకడు పాదాల దగ్గర, ఒకడు పొట్ట దగ్గర, ఇంకొకడు సరిగ్గా కన్నీళ్ల దగ్గర ఉన్నాడు. అప్పుడు తట్టింది నాకు. గిరాకీ పని పూర్తయ్యేదాకా ఆగమన్నాను. కానీ నా పులి ఎప్పటికీ పూర్తి కాదు. కళ్లు పడగానే మళ్లీ పాదాలకు దిగుతుంది. గిరాకీ తనంతట తాను పేజీ మూస్తే తప్ప పనివాడికి సెలవు లేదు. అంతులేని చద్దరు నేసింది నేనే, ఆ అంతు కోసం ఎంతసేపైనా కాచుకోమన్నదీ నేనే. కంప్యూటర్ నా రెండు మాటలూ జవదాటకుండా కూర్చుంది. అంత విధేయుడైన పనివాడు మా షెడ్డులో ఎప్పుడూ దొరకలేదు.

ఈ సంగతి మామకు చెప్పాను.

"అయితే పులి వాళ్లకు నచ్చిందన్నట్టే," అన్నాడు.

రెండున్నరకు కింద చప్పుడైంది. భంగార్ సేట్ కాటాతో దిగాడు. ఐదింటికి రావాల్సినవాడు, పక్క గల్లీలో పని త్వరగా తెమిలిందని ముందే వచ్చాడు. ఎనిమిదో మగ్గానికి అడ్డంగా కాటా నిలబెట్టి మగ్గాలను కళ్లతోనే తూచడం మొదలుపెట్టాడు. ఆయన్ను కాసేపు మాటల్లో పెట్టమని మామ నన్ను కిందికి పంపాడు.

"గిది సగం దుమ్మే," అన్నాడు భంగార్ సేట్, మగ్గం మీద వేలితో గీకి. "దుమ్ము, నూనె తీసేస్తే ఇనుమెంత మిగుల్తది?"

"దుమ్ము తీస్తవు సరే. లోపల పోత ఇనుమున్నది, దాని సంగతేంది? అది గూడ దుమ్మేనా?"

"పోత ఇనుము పలుగుతది భై."

"నువ్వెట్లాగు పలగ్గొట్టడానికే కొంటున్నవు. పలుగుతదని తగ్గిస్తవా?"

ఆయన ధరలో కాస్త పైకి వచ్చాడు. నేను మొహం తిప్పుకున్నాను. ఇంకాస్త వచ్చాడు. నేను మెట్ల వైపు రెండడుగులు వేశాను. వెనక్కి పిలిచాడు. ఒంట్లోకి మా నాయిన వచ్చినట్టే ఉంది. ఎనిమిది మగ్గాలకూ కలిపి మంచి బేరం కుదిరి, "లెక్క మంచిదే" అని నేను చేయి చాచబోతుండగా పైనుంచి మామ కేక వినబడింది.

"ఓ బేరగాడా! అమ్మకుండ ఆపమని పంపితే అమ్ముతున్నవా?"

చేయి వెనక్కి లాక్కుని, భంగార్ సేట్‌కు చాయ్ చెప్పి, పైకి పరుగెత్తాను.

అప్పటికి మూడు దాటింది. ఇంకో నంబరు మీద కొత్త తలుపు తెరవొచ్చు, కానీ ఏజెంటుకు తెలిసింది ఈ తలుపొక్కటే. గిరాకీలు ఎవరో పట్టుకుంటే బతిమాలి లేపొచ్చు కదా అని వాళ్లు ఏ లైను నుంచి వచ్చారో చూశాను. మూడో గిరాకీ నంబరు ఎక్కడిదో అంతుచిక్కలేదు. మొదటి ఇద్దరిదీ మాత్రం ఒకటే నంబరు. ఆ నంబరు నాకు బాగా తెలుసు. జోడ్‌భావి పేట్‌లో కొత్తగా పెట్టిన ఇంటర్నెట్ సెంటర్‌ది. అక్కడి కంప్యూటర్లు బిగించింది నేనే.

ఫోన్ చేశాను.

"అన్నా, నీ సెంటర్‌లో మా పులిని ఎవరు చూస్తున్నరు?"

"ఎవరేంది, మీ అత్తనే గద," అన్నాడు సెంటర్ ఆయన. "పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చిన్రు, ఆమె, ఆమె దోస్తు. బీడీల చాటలు ఒళ్లె పెట్టుకోని కూసున్నరు. చూసుకుంట చుడ్తున్నరు. సెంటరంత తంబాకు వాసనే."

మామ భార్య. నేను రిసీవర్ చేత్తో మూసి మామ వైపు చూశాను. మధ్యాహ్నం నుంచి తను ఏమనొద్దని కాపాడుతూ వచ్చిన గిరాకీల్లో ఒకరు తన పెళ్లామేనని చెప్పాను.

"దానికి ఇంట్ల పులి లేదా?" అన్నాడు.

అత్త ఫోన్ దగ్గరికి వచ్చింది. "ఏంది బిడ్డా?"

"అత్తా, పొద్దటి సంది అక్కడ ఏం జేస్తున్నవే?"

"ఏం జేస్తరు? కూసున్న. మీ మామ రాత్రంత ఒకటే ఏడుపు, దుకాణం ఖాళీగున్నదని. ఖాళీ దుకాణంలకు ఎవరొస్తరు చెప్పు? ఇద్దరు కూసుంటే ముచ్చటగ మూడోవాడు వస్తడు."

ఆమె తప్పు ఏమీ లేదు. మా పేట్‌లలో దుకాణం తెరిచాక గిరాకీ లేకపోతే ఇంటివాళ్లనే ఇద్దరిని బయటి మనుషుల్లా తెచ్చి కూర్చోబెట్టి, వాళ్ల ముందు సరుకు పరిచి, గట్టిగా బేరాలాడతారు. మా నాయిన దుకాణంలో మా అమ్మే కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చి, ఒకే తువ్వాలను రోజుకు మూడుసార్లు బేరమాడేది. ఇంటర్నెట్‌లో లోపల ఎవరు కూర్చున్నారో బయటివాడికి కనబడదని అత్తకు ఎవరూ చెప్పలేదు. నాకూ చెప్పాలని తోచలేదు.

"అత్తా, ఇగ లే. తలుపు మూసిన. కొత్తోళ్లు ఎవరు రారు."

"మూసిన దుకాణం వదిలి పోతరారా? అందుకే గద కూసోవాలె."

"నువ్వు లేస్తేనే తెరుస్త."

"నువ్వు తెరిస్తే లేస్త."

బేరంలో ఇలాంటి ముడి పడితే మా నాయిన చాయ్ తెప్పించేవాడు. నాకు అంత సమయం లేదు. "అత్తా, నువ్వు లేవకపోతే మామ మగ్గాలు భంగార్‌ల పోతయ్. భంగార్ సేట్ వచ్చి కింద కూసున్నడు," అన్నాను.

అటువైపు చాట కింద పెట్టిన చప్పుడైంది. "మొదలే చెప్పొద్దా పాడుగాను! నడువే, లే, లే," అని దోస్తును లేపి, వెళ్లబోతూ, "గా పులి ఏడుస్తలేదు అల్లుడా, దానికి సర్ది అయింది," అని చెప్పి ఫోన్ పెట్టేసింది.

మూడు ముప్పావు. తెర మీద చూశాను. ముగ్గురు పనివాళ్లూ అలాగే ఉన్నారు. మళ్లీ ఫోన్ చేశాను.

"అన్నా, వాళ్లు పోలేదా?"

"పోయిన్రు. నేను టీవీలు గూడ బంద్ చేసిన." మానిటర్లను ఆయన టీవీలే అంటాడు.

"టీవీ బంద్ చేస్తే పేజీ మూసుకోదు అన్నా! కింద డబ్బాలో పులి నడుస్తనే ఉన్నది. టీవీ పెట్టి పేజీ మూయి."

ఆయన పేజీలు మూశాడు. ఇద్దరు పనివాళ్లు తర్వాతి వరస అందించబోయి, పుచ్చుకునేవాడు లేక వెళ్లిపోయారు. మూడోవాడు మిగిలాడు, ఊరూ పేరూ తెలియని గిరాకీ. మీసాల దగ్గరికి వస్తున్నాడు.

నాలుగింటికి ఏడు నిమిషాలు తక్కువ. కింద భంగార్ సేట్ చాయ్ అయిపోయిందని కప్పు మగ్గం మీద టకటకలాడిస్తున్నాడు.

"మామా, ఈయన ఎవరో తెలుస్తలేదు. లెమ్మని చెప్పే దారి లేదు. ఉన్నది గెంటుడే."

మామ తెర దగ్గరికి వంగి చూశాడు. అక్కడ ఒక నంబరు తప్ప ఏమీ లేదు. "నిజం గిరాకీ అయితది గద అల్లుడా?"

"కావచ్చు."

"ఎనిమిది మగ్గాలు ఒక దిక్కు, ఒక గిరాకీ ఒక దిక్కు," అన్నాడు. "నేనే జేస్త. నువ్వు చేస్తే నీ క్లాసుకు మంచిది గాదు."

ఏ మీట నొక్కాలో చూపించాను. మామ తెరకు రెండు చేతులూ జోడించి, "సేట్, మాఫ్ కర్నా. దుసరే దిన్ జరూర్ ఆనా," అని ఇంకోరోజు రమ్మని వేడుకుని, కళ్లు మూసుకుని నొక్కాడు.

మూడోవాడు పోయాడు. గడప ఖాళీ అయింది. కొత్త సర్వర్‌ను లేపాను. అలిగిన పెద్దమనిషి పులి పాదాల నుంచి మొదలైంది. అది ఇంకా పొట్టదాకా కూడా రాలేదు, ఫోన్ మోగింది.

"సేట్! యే క్యా కియా ఆప్‌నే?" ఇదేం పని చేశారని ఏజెంటు గొంతు.

మామ నా మొహం చూశాడు. నేను నేల చూశాను. మూడో గిరాకీ ఎవరో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆయన పొద్దున మాకు ఫోన్ చేసినప్పుడు తెరిచిన పేజీని మూయనే లేదు.

"పార్టీ కాస్త ముందే వచ్చింది," అన్నాడు ఏజెంటు హిందీలో. "తెర మీద మీ పులి వస్తోంది. పాదాలు వచ్చాయి, పొట్ట వచ్చింది, మీసాలు వచ్చాయి. ఆగిపోయింది. కళ్లు లేవు. పైనంతా ఉట్టి చద్దరే."

"సేట్, ఓ క్యా హువా కీ..." మామ సంజాయిషీ మొదలుపెట్టాడు.

"పార్టీ ఒకటే నవ్వు! పులి చద్దరును మొహం మీదికి లాక్కుని పడుకుందట. మీసాలు మాత్రమే బయట ఉన్నాయట. ఇదే కావాలంటున్నారు. ఒక డజను నమూనా పంపండి, నచ్చితే మీ మగ్గాలన్నీ ఈ పులికే. ఇంత మంచి ఆలోచన ఎవరిది సేట్?"

మామ గొంతు సవరించుకుని, "హమారాచ్ హై," అని ఆలోచనను తమ ఖాతాలో వేసుకున్నాడు.

"రుకియే, ఉన్‌కో ఫిర్ సే ఖోల్‌కే దిఖాతా హూఁ."

మామ రిసీవర్‌ను చేత్తో గట్టిగా నొక్కిపట్టాడు. తెర మీద కొత్త పులికి మీసాలు మొలుస్తున్నాయి.

"అల్లుడా, ఆపు! వాడు మల్ల తెరుస్తున్నడు, దీనికి కండ్లున్నయ్!"

"మర్యాదగా ఆపాల్నా మామా?"

"మర్యాద లేదు, గిర్యాద లేదు. గుంజి పారెయ్!"

గోడలోంచి ప్లగ్గు పీకాను. తెర నల్లబడింది. ఫోన్‌లో ఏజెంటు, ఖుల్ నహీ రహా, ఖుల్ నహీ రహా అని, పేజీ తెరుచుకోవడం లేదని గొణుగుతున్నాడు.

"బహుత్ రష్ హై సేట్," అన్నాడు మామ, ఎంతో నిదానంగా. "సుబే సే ఐసాచ్ హై." పొద్దుటి నుంచీ గిరాకీలు తోసుకుంటున్నారట.

ఆ సాయంత్రం నేను పులికి మీసాల పైనంతా చెరిపేశాను. పన్నెండున్నరదాకా కష్టపడి దిద్దిన కనుబొమలు ఎవరూ చూడకుండానే పోయాయి.

అంతకుముందు, ఫోన్ పెట్టేసి మేం కిందికి దిగేసరికి అత్త చాట చంకలో పెట్టుకుని వచ్చింది. మామ ఆమెకు సంగతంతా చెప్పాడు. ఆమె విని, కండ్లు లేని పులిని కప్పుకుంటే ఎవరికి నిద్ర పడుతుందని అడిగింది. మామ నూనె డబ్బా అందుకుని ఎనిమిదో మగ్గానికి నూనె వేశాడు. పోగు పట్టుకుని అటూ ఇటూ తిరిగే నాడెలో నూలు లేదు, పర్వాలేదు, కదులుతుందా లేదా చూద్దామన్నాడు.

భంగార్ సేట్ ఇంకా అక్కడే ఉన్నాడు. "క్యా సేట్, తోల్నా కీ నహీ?" అని తూచాలో వద్దో అడిగాడు.

"జర ఆ కాటా పక్కకు జరుపు భై," అన్నాడు మామ. "మగ్గం తిప్పే పట్టాకు తగుల్తది."

ఆయన జరిపాడు. మామ స్విచ్చి వేశాడు.